ఒకే తూకం, రెండు వన్నెలు

కాలేజీ ఫీజు కట్టే రోజులొస్తే మన లక్కూరులో ఎన్నో ఇళ్ళ నగలు బ్యాంకుకు వెళతాయి. తూకం ఒకటే అయినా పక్కింటివారికి ఎక్కువ అప్పు వచ్చిందని బాధపడిన తల్లులను కౌంటరు వెనుక నుంచి చాలామందిని చూశాను. తేడా నగలోని మిశ్రమంలో ఉంటుంది.

మన జిల్లా గనుల్లో 2001 ఫిబ్రవరి 28 వరకు తీసిన బంగారమైనా సరే, మేలిమిగా ఉంటే మెత్తన. గొలుసు చేస్తే సాగుతుంది, అరుగుతుంది. అందుకే రాగి, వెండి కలుపుతారు. 22 క్యారెట్లలో వెయ్యికి 916 పాళ్ళు బంగారం, 18 క్యారెట్లలో 750. అంటే 10 గ్రాముల గొలుసులో మొదటిదానికి 9.16 గ్రాములు, రెండోదానికి 7.5 మాత్రమే. బ్యాంకు విలువ కట్టేది ఆ బంగారానికే గాని రాగికీ, రాళ్ళకూ కాదు.

అలాగని 18 క్యారెట్లను తీసిపారేయకండి. రాగి అణువులు బంగారు అణువులకంటే చిన్నవి. అవి మధ్యలో చేరి, లోహపు పొరలు ఒకదానిపై ఒకటి సులభంగా జారకుండా అడ్డుపడతాయి. కనుక అది గట్టిది, రాయిని బాగా పట్టి ఉంచుతుంది. రోజూ పెట్టుకునే రాళ్ళ ఉంగరానికి అదే మేలు. అవసరానికి కుదువ పెట్టవలసి వస్తుందనుకుంటే మాత్రం 22 కొనండి.

విద్యార్థులు సాంద్రత లెక్క వేసి చూడవచ్చు. ఘన సెంటీమీటరుకు మేలిమి 19.3 గ్రాములు, 22 క్యారెట్లు సుమారు 17.7, 18 క్యారెట్లు సుమారు 15.5. లోపల బోలుగానో, లక్కతో నింపో ఉన్న నగకు ఈ లెక్క పనికిరాదు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్కు నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు ఉంటుంది. దానితోపాటు 916 ఉందో 750 ఉందో చూసి, బిల్లును జాగ్రత్త చేసుకోండి.