కాకిబంగారం చేసే గారడీ

పౌరాణిక నాటకంలో దుర్యోధనుణ్ణి మీరు చూసే ఉంటారు. తలమీద కిరీటం, భుజాన గద ధగధగ మెరుస్తుంటాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో సురభి నాటకాలు మొదలయ్యాయి. అలాంటి నాటకాల్లో కిరీటం నిజంగా బంగారమైతే నటుడు మెడ ఎత్తగలడా? అందుకే అట్టతోనో, తేలిక కొయ్యతోనో కిరీటం చేసి, పైన పలుచని మెరుపు రేకు అంటిస్తారు. మెరవడానికి వస్తువంతా లోహం కానక్కరలేదు, పైపొర చాలునన్నమాట!

మరి ఆ పైపొరలో కూడా లోహపు రేకు లేకుండా మెరుపు వస్తుందా? వస్తుంది. పాలిమర్ క్లేతో పూసలు, బొమ్మలు చేసేవారు ఆ పనే చేస్తున్నారు.

పాలిమర్ క్లే పేరుకే మన్ను. నిజానికది పి.వి.సి. ప్లాస్టిక్ పొడి. నీళ్ల గొట్టాలు చేసేదీ ఆ ప్లాస్టిక్‌తోనే. మెత్తబరిచే ద్రవం కలిపి దాన్ని ముద్దగా చేస్తారు. సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పొడి రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకొని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. బొమ్మ గట్టిపడుతుంది.

పచ్చి బొమ్మ కాస్త జిగటగా ఉంటుంది. అప్పుడే దానిమీద అభ్రకం పొడిని వేలితో అద్ది రుద్దుతారు. అభ్రకమంటే పల్లెల్లో కాకిబంగారం అంటారే, అదే. మనకు దగ్గరలోని గూడూరు ప్రాంతపు గనులు దానికి పేరుపొందాయి. అభ్రకం పుస్తకంలో పుటల్లాగా పొరలు పొరలుగా విడిపోతుంది. ఒక్కొక్క రేణువూ ఒక చిన్న అద్దమే. వేలితో రుద్దినప్పుడు ఈ అద్దాలన్నీ వెల్లకిలా పడుకొని, కాంతిని ఒకేవైపు తిప్పికొడతాయి. అందుకే లోహంలా కనిపిస్తుంది.

తెల్లని అభ్రకానికి పసిడి రంగు ఎక్కడిది? రేణువులపై టైటానియం డైఆక్సైడు పూత పూస్తారు. దాని మందం మిల్లీమీటరులో పది లక్షవ వంతులు కొన్ని పదులు మాత్రమే! పూత పైనుంచి, అడుగునుంచి తిరిగివచ్చిన కాంతి కిరణాలు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. సబ్బు బుడగలో రంగులు పుట్టేదీ ఇలాగే. పూత మందం మారితే రంగూ మారుతుంది.

ఇంకో చిత్రం చూడండి. అభ్రకం కలిపిన క్లేను పలుమార్లు ఒత్తి పలకగా చేసి, దానిమీద గుండీతో గట్టిగా అచ్చు వేయండి. ఉబ్బిన భాగాన్ని బ్లేడుతో పలుచగా చెక్కేయండి. పలక నున్నగా అవుతుంది, కాని గుండీ బొమ్మ కనబడుతూనే ఉంటుంది! వేలికి తగలని గీత కంటికెలా కనిపించింది? అచ్చు ఒత్తిన చోట అద్దాలు పక్కకు వాలాయి. అక్కడి కాంతి మరోవైపు పోతుంది.

ఒక హెచ్చరిక. అభ్రకం ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బ్లేడు వాడేటప్పుడు, వేడి చేసేటప్పుడు పెద్దల్ని దగ్గర ఉంచుకోండి. క్లేను నిప్పులమీద కాల్చరాదు. వేడి మితిమీరితే పి.వి.సి. నుంచి ఘాటైన హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడుతుంది.

క్లే దొరకలేదా? అల్యూమినియం రేకు ముక్కను నున్నగా పరచి చూడండి. తర్వాత నలిపి చూడండి. లోహం అదే, మెరుపు ఏమయింది? ఇప్పుడు మీరే చెప్పగలరు.