రాలిన ఆకు – దాని సద్వినియోగము

మన రాయచూరు జిల్లా కృష్ణా తుంగభద్రల నడుమ నున్నను, ఇచట అడవులు మిక్కిలి స్వల్పము. కావున ఊరి వేపతోపులును, చింతలును, గట్లపై కానుగ చెట్లును మనకు గొప్ప సంపద. శిశిరమున ఇవి ఆకు రాల్చును. వేసవి గాలివానలకు కొమ్మలు విరిగి పడును. ఈ చెత్తను కుప్పవేసి నిప్పు పెట్టుట పలుచోట్ల వాడుక. గడియలో తోపు శుభ్రమైనట్లు కనబడును. కాని అందు మనము పోగొట్టుకొనున దేమి?

చెట్టు నేల లోతులనుండి వేళ్ళతో తీసికొన్న సారములో కొంత ఆకునందు నిలిచియుండును. ఆకు కాలినచో నత్రజని పొగలో కలిసిపోవును; మిగిలిన బూడిదను గాలి ఎగురగొట్టును. ఇది నేలకు చెల్లింపవలసిన బాకీ ఎగవేయుట వంటిది. ఎండుగడ్డి మీదుగా నిప్పు పాకినచో ప్రక్క చేలలోని గడ్డివాములకును ముప్పే.

అట్లని చెత్తను పడినచోటనే వదలుటయు తగదు. ఎండుటాకు మేటవేసిన తోపు అగ్నికి సిద్ధాన్నము. కావున లావు కొమ్మలను వంటచెరకునకును, ముండ్లకంపను కంచెకును, ఆకులను చిదుగులను ఎరువునకును వేరు చేయవలెను. కొంత ఆకును మొదలు తాకకుండ పాదులలో పరచినచో తేమ నిలుచును. తోపు చుట్టును గడ్డి చెక్కి నేలను బయలుగా నుంచినచో వెలుపలి నిప్పు సులభముగా లోనికి రాదు. కుప్పలలో తేళ్ళు, పాములు దాగియుండును. ముందు కర్రతో కదలించిన పిదపనే చేయి పెట్టవలెను.

ఆల్బర్టు హోవర్డు, యశ్వంత్ వాడ్ అను శాస్త్రజ్ఞులు ఇందూరులో సాధించిన ఎరువు పద్ధతిని 1931లో గ్రంథముగా వెలువరించిరి. అందు కుప్పను తడుపుచు, తిరుగవేయుచు నుండగా సుమారు 3 నెలలలో ఎరువగును. నీటికి కరవైన మెట్ట గ్రామములకు 1939లో డాక్టరు సి. ఎన్. ఆచార్య రూపొందించిన బెంగుళూరు పద్ధతి మేలని మా అభిప్రాయము. 3 అడుగుల లోతు గోతిలో ఆకు ఒక పొర, పేడనీరు ఒక పొరగా నింపి, పైన మట్టితో మెత్తవలెను. ఎండుటాకులో నత్రజని తక్కువ. ఆ లోటును పేడ తీర్చును. పిమ్మట తడుపుటయు, తిరుగవేయుటయు అక్కరలేదు. 6 మొదలు 8 నెలలకు ఎరువు సిద్ధము. సర్కారు తుమ్మకాయలను మాత్రము అందు వేయరాదు. ఆ గింజ పశువు కడుపున పడియు చావక మొలచునంతటి మొండిది.

ఇదంతయు సొంత తోపులకును, పాఠశాల ఆవరణములకును చెప్పినది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1963 నాటి రాష్ట్ర అటవీ చట్టము ప్రకారము నేరము.

విద్యార్థులారా! ఫాల్గుణమున మెత్తిన గోతిని ఆశ్వయుజమున తెరువవచ్చును. అది సరిగా మన నల్లరేగళ్ళలో రబీ జొన్న విత్తు అదను.