గెట్ డేటా బటన్ జీవితకథ

ఢిల్లీలోని ద్వారకలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు రెండున్నాయి. సెక్టార్ 8లో ఉన్నది ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీది. సెక్టార్ 3లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది. ఆ విద్యాసంస్థ 2018లో విశ్వవిద్యాలయమై పేరు మార్చుకున్నా, కేంద్రానికి మాత్రం ‘ఎన్‌ఎస్‌ఐటీ ద్వారక’ అన్న పాత పేరే నిలిచిపోయింది. పీఎం 2.5, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివాటి పావుగంట సగటులను మండలి పోర్టల్ నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రోజుకు 96 వరుసలు, ఏడాదికి 35,040. ఒక్క కేంద్రానివే రెండేళ్ల లెక్కలు కలిపితే 70,080.

పాత ఎక్సెల్ ఫైల్లో, అంటే ‘ఎక్స్‌ఎల్‌ఎస్’ రకంలో, పట్టేవి 65,536 వరుసలే. జనవరి 1 నుంచి మొదలుపెట్టిన పట్టికలో తెగిపోయేవి రెండో ఏటి చివరి 47 రోజులు. నవంబరు నడుమ నుంచి డిసెంబరు ఆఖరు దాకా, ఢిల్లీ ఊపిరాడక దగ్గే రోజులు ఎన్నో అందులోనే ఉంటాయి. ఆ పట్టికతో సగటు తీస్తే ద్వారక గాలి ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది!

ఇది ఊహాలోకపు ప్రమాదం కాదు. 2020లో కోవిడ్ రెండో విడత మొదలవుతున్నప్పుడు ఇంగ్లండ్‌లో ప్రయోగశాలలు పంపిన ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తుంటే, పరిమితి దాటిన వరుసలు రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. 2007 నుంచి ఉన్న కొత్త రకం ఫైల్లో 10,48,576 వరుసలు పడతాయి. పాత రకాన్ని వదలకపోవడమే అక్కడ కొంప ముంచింది.

వరుసలు పట్టినంత మాత్రాన పని అయిపోదు. ఇలాంటి ఫైళ్లలో పైన కొన్ని వరుసల నిండా శీర్షికలు, కేంద్రం వివరాలు ఉంటాయి. పరికరం పనిచేయని పావుగంటల్లో అంకె ఉండాల్సిన చోట ఏదో ఒక మాట ఉంటుంది. తేదీలు మన పద్ధతిలో రోజుతో మొదలవుతాయి. అమెరికా పద్ధతికి అమర్చిన కంప్యూటర్‌కు 03-04 అంటే మార్చి నాలుగు. 13-04 చూస్తే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే ఒప్పుకోదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల తేదీలు దాదాపు అన్నీ తారుమారై, తక్కినవి తేదీలే కాకుండా పోతాయి. అందుకే ఫైల్‌ను తెరవడం వేరు, డేటాను దిగుమతి చేయడం వేరు.

ఎక్సెల్‌లో ఇప్పుడు గెట్ డేటా బటన్ రూపంలో ఉన్న ఈ దిగుమతి సౌకర్యం వయసు స్ప్రెడ్‌షీట్ వయసుకు దగ్గరదగ్గరే. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో యాపిల్-2 కోసం విసికాల్క్ తెచ్చారు. పట్టికను ఒక ప్రోగ్రామ్ నుంచి మరోదానికి చేరవేయడానికి వాళ్ల సంస్థే ‘డిఫ్’ అనే ఫైల్ రకాన్ని తయారుచేసింది. మైక్రోసాఫ్ట్ 1982లో మల్టీప్లాన్ తెచ్చి, ‘సిల్క్’ అనే మరో రకానికి ప్రాణం పోసింది. ఆ సిల్క్ చాలాకాలం దెయ్యంలా తిరిగింది. కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైల్ ‘ఐడీ’ అన్న రెండు ఇంగ్లిష్ పెద్దక్షరాలతో మొదలైతే చాలు, ఎక్సెల్ దాన్ని సిల్క్ అనుకుని తగాదా పెట్టేది. మొదటి కాలమ్‌కు ‘ఐడీ’ అని పేరు పెట్టని గుమాస్తా ఎక్కడుంటాడు?

ఎక్సెల్ పుట్టిల్లు విండోస్ కాదు. 1985లో అది యాపిల్ మ్యాకింటాష్ కోసం వచ్చింది. విండోస్‌కు చేరింది 1987లో. అయినా దిగుమతి విషయంలో పుట్టింటికే అన్యాయం జరిగింది. 1992లో మైక్రోసాఫ్ట్ ‘ఓడీబీసీ’ అనే పద్ధతిని తెచ్చి డేటాబేస్‌కూ ఎక్సెల్‌కూ మధ్య వంతెన వేసింది. ఆ వంతెన నిలబడేది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్లనే అనుసంధాన ప్రోగ్రాముల మీద. విండోస్‌లో అవి విరివిగా దొరికాయి. మ్యాక్‌లో చాలా డేటాబేస్‌లకు వేరే కంపెనీల దగ్గర డ్రైవర్ కొనుక్కోవాల్సి వచ్చేది.

అసలు ఎడబాటు 2013లో మొదలైంది. ఆ ఏడాది విండోస్ ఎక్సెల్ 2010, 2013లకు పవర్ క్వెరీ అనే ఉచిత అనుబంధం వచ్చింది. పై వరుసలు తీసెయ్, ఈ మాటను ఖాళీగా మార్చు, తేదీని రోజు-నెల-ఏడుగా చదువు అని ఒకసారి చూపిస్తే, ఆ మెట్లన్నీ ‘ఎమ్’ అనే భాషలో రాసిపెట్టుకుంటుంది. వచ్చే నెల కొత్త ఫైల్ పెట్టి రిఫ్రెష్ నొక్కితే అదే పని మళ్లీ చేస్తుంది. ద్వారక ఫైళ్ల లాంటివాటికి ఇది అచ్చంగా కావాల్సిన పరికరం. ఎక్సెల్ 2016లో అది డేటా ట్యాబ్‌లో భాగమైపోయింది. మ్యాక్ ఎక్సెల్ 2016లో మాత్రం లేదు. విండోస్‌లో తయారైన వర్క్‌బుక్ మ్యాక్‌లో తెరుచుకునేది, అంకెలు కనిపించేవి, కానీ వాటిని తాజా చేసే వీలుండేది కాదు. ప్యాకెట్ మీద ఒకటే పేరు, లోపల సరుకు వేరు.

కారణం సోమరితనం ఒక్కటే అంటే అది తొందరపాటు. పవర్ క్వెరీని మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద, విండోస్‌కే చెందిన భాగాల మీద కట్టారు. వెబ్ పేజీలోని పట్టికను చదివే దాని పాత ఫంక్షన్‌కు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలి. యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌ను చదవాలంటే విండోస్ డ్రైవర్ కావాలి. మ్యాక్‌కు తీసుకెళ్లడమంటే పునాది మళ్లీ తవ్వడమే.

మైక్రోసాఫ్ట్ మనసు మారిన కాలానికి మనవాడి పేరు ముడిపడి ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థ పగ్గాలు పట్టారు. మార్చి 27న ఐప్యాడ్ కోసం ఆఫీస్‌ను ప్రకటించారు. దాని తయారీ అంతకుముందే మొదలైనా, విండోస్ కానివాటిలోనూ ఆఫీస్ నడవాలన్న సంకేతం అక్కడే గట్టిగా వినిపించింది. అయినా మ్యాక్ వాడేవాళ్లకు పవర్ క్వెరీ చుక్కలు చుక్కలుగానే అందింది. 2019లో కొన్ని రకాల ఫైళ్లకు రిఫ్రెష్ మాత్రం వచ్చింది. మెట్లు దిద్దుకునే ఎడిటర్ రావడానికి 2022-23 పట్టింది. పెద్ద పట్టికలను కలిపి చూసే పవర్ పివట్ అప్పటికీ విండోస్ సొత్తే.

లిబ్రే ఆఫీస్ దారి వేరు. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీఎస్‌వీ తెరిస్తే విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకటే పెట్టె ఎదురవుతుంది: ఏ లిపి సంకేతం, ఏ విభజన గుర్తు, ఏ కాలమ్ తేదీ? ముందే అడగడం కొందరికి విసుగు. కానీ అడగకుండా ఊహించే ఎక్సెల్ కన్నా ఇదే మేలు. ఆ సమానత్వమూ పూర్తిగా లేదనుకోండి, యాక్సెస్ డేటాబేస్‌ను నేరుగా కలిపే సౌకర్యంలో కొంత విండోస్‌కే పరిమితం.

ఊహించే తీరు తెలుగును ఏం చేసిందో చూడండి. యూటీఎఫ్-8 అనే లిపి సంకేత పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఆ రకమని చెప్పే గుర్తు మొదట్లో లేని సీఎస్‌వీని విండోస్ ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే, పాశ్చాత్య లిపి అనుకుని, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఏ’ పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’, ఇలా గడి నిండా నింపేది. అవే బైట్లను మ్యాక్ ఎక్సెల్ 2011 తన పాత మ్యాక్ రోమన్ పద్ధతిలో చదివి, జంట కత్తి గుర్తు, దాని పక్కన అనంతం గుర్తు చూపేది. ఒకే తెలుగు మాట, రెండు రకాల గందరగోళం. ఎక్సెల్ 2016 కాలంలో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని విడిగా భద్రపరిచే వీలు వచ్చాక ఈ బాధ తగ్గింది.

తేదీలకూ ఇలాంటి వారసత్వమే ఉంది. విండోస్ ఎక్సెల్ 1900 నుంచి రోజులు లెక్కిస్తే, తొలి మ్యాక్‌లు 1904 జనవరి 1కి వెనక్కి వెళ్లలేవు కాబట్టి మ్యాక్ ఎక్సెల్ అక్కడి నుంచి లెక్కించింది. ఒక పద్ధతి పట్టికలోని తేదీలను మరో పద్ధతి పట్టికలోకి అతికిస్తే 1,462 రోజుల తేడా పడేది. 2011 నుంచి మ్యాక్ కూడా 1900కే మారింది.

అన్నిటికన్నా తమాషా, విండోస్‌కే ఆలస్యంగా అందిన సౌకర్యం కూడా ఒకటుంది. కాగితం మీది పట్టికను ఫోటో తీసి గడుల్లోకి దింపే ‘డేటా ఫ్రమ్ పిక్చర్’ 2019లో ముందుగా ఆండ్రాయిడ్ ఫోన్లలోకి, వెంటనే ఐఫోన్‌లోకి వచ్చింది. మ్యాక్‌కు ఆ తర్వాత చేరింది. విండోస్ డెస్క్‌టాప్ వంతు చిట్టచివర వచ్చింది. మొదట్లో అది చదవగలిగిన 21 భాషల్లో హిందీ లేదు, తెలుగూ లేదు.