తలుపు తెరిచి ఉంచండి, అమ్మను కూర్చోనివ్వండి

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళ ముందు స్టార్లు వెలుగుతాయి. రాత్రిపూట క్యారల్స్ బృందాలు వస్తాయి. వంటింట్లో అరిసెల పాకం వాసన మొదలవుతుంది. "పండుగకు మా ఇంటికి తప్పక రండి" అని కనిపించిన ప్రతివారినీ పిలుస్తాం. ఆ పిలుపులో ఎంతో ప్రేమ ఉంది. అయితే దాని వెనుక ఒక మనిషి కష్టం కూడా ఉంది.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా అమ్మకు షుగరు వ్యాధి. రోజూ ఇన్సులిన్ వేసుకునేది. 2009 క్రిస్మస్ నాడు ఉదయం ఇన్సులిన్ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని గుడికి వచ్చింది. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చేసరికే చుట్టాలు, స్నేహితులు రావడం మొదలైంది. పులిహోర, బూరెలు, కోడికూర, పాయసం అన్నీ తనే చూసుకోవాలి. "నువ్వూ తినమ్మా" అంటే "వీళ్ళు తిన్నాక తింటాలే" అంది. మధ్యాహ్నం రెండు దాటాక మా పిన్ని నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి చూస్తే, అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమటలు. మాట తడబడుతోంది. అలసట అనుకున్నాం గాని రక్తంలో చక్కెర పడిపోయింది. పంచదార నీళ్ళు తాగించాక తేరుకుంది.

ఆ రోజు మా ఇంటికి నలభైమంది వచ్చారు. అమ్మతో కూర్చుని మాట్లాడినవారు నలుగురు కూడా లేరు.

ఆ తరువాతి ఏడాది నుండి మేము పద్ధతి మార్చుకున్నాము. విందు తగ్గించాము, పిలుపు మాత్రం తగ్గించలేదు. మా అనుభవంలో తేలిన విషయాలు మీకూ పనికి వస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఓపెన్ హౌస్ అంటే ఏమిటి?

అందరినీ ఒకే వేళకు భోజనానికి పిలిచి వడ్డించడం కాదు. "ఫలానా రోజు సాయంత్రం 4 నుండి 7 వరకు మా ఇల్లు తెరిచి ఉంటుంది, మీకు వీలైనప్పుడు రండి" అని చెప్పడం. వచ్చినవారు అరగంటో గంటో కూర్చుని, కొంచెం ఏదైనా తిని, టీ తాగి వెళతారు. మలేషియాలో ఈ అలవాటు బాగా ఉంది. రంజాన్, దీపావళి, చైనీయుల కొత్త సంవత్సరం, క్రిస్మస్, ఏ పండుగకైనా ఇంటివారు అన్ని మతాల స్నేహితులనూ ఇలా పిలుస్తారు. దానిని వారు 'రుమా తెర్బుకా' అంటారు. తెరిచిన ఇల్లు అని అర్థం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన పద్ధతే.

ఇందులో మేలు ఏమిటంటే, ఒకేసారి పాతికమంది మీద పడరు. అయిదారుగురు వస్తూ పోతూ ఉంటారు. వచ్చినవారితో మాట్లాడడానికి సమయం దొరుకుతుంది.

ఏ రోజు? ఎవరిని?

డిసెంబరు 25నే పెట్టుకోనక్కరలేదు. ముందు రాత్రి ఆరాధన, తెల్లవారి మళ్ళీ ఆరాధన, నిద్ర చాలదు. 26 నుండి 30 లోపు ఒక సాయంత్రం ఎంచుకోండి. అందరికీ సెలవు ఉన్న రోజైతే మరీ మంచిది.

పేర్లు కాగితం మీద రాసుకోండి. మొదటిసారికి పాతికమంది చాలు. అందులో మనం సాధారణంగా మరచిపోయేవారి పేర్లు కూడా చేర్చండి. ఈ ఏడాది ఇంట్లో మరణం జరిగినవారిని "వారు పండుగ చేసుకోరులే" అని పిలవడం మానేస్తాం. నిజానికి వారికే ఒక మనిషి తోడు ఎక్కువ అవసరం. విందు అంటే వారు రారు గాని, "ఊరికే వచ్చి టీ తాగి వెళ్ళండి" అంటే వస్తారు. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవారు, సెలవు దొరకక హాస్టల్లో ఉండిపోయిన విద్యార్థులు, పక్కింటి హిందూ, ముస్లిం కుటుంబాలు, వీరిని కూడా పిలవండి. కానుకలు ఏమీ తేవద్దని ముందే చెప్పండి.

నాలుగు రకాలు చాలు

ఒక తీపి, ఒక కారం, పండ్లు, టీ. అంతకు మించి వద్దు. పాతికమందికి మేము చేసే లెక్క ఇది:

- చిన్న సైజు అరిసెలు 40. ముందుగానే చేసుకోవచ్చు, నిలవ ఉంటాయి. కేకు అయితే చిన్న ముక్కలుగా కోయండి.
- శనగల గుగ్గిళ్ళు. కిలోంపావు శనగలు ముందు రాత్రి నానబెట్టాలి. ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చితో తాళింపు వేసి నిమ్మకాయ పిండితే ఉప్పు కొంచెం తగ్గినా రుచి తగ్గదు.
- జామకాయలు, కమలాలు, అరటిపండ్లు కలిపి నాలుగు కిలోలు. ముందే కోసి పెట్టవద్దు.
- టీ మూడు లీటర్లు. చక్కెర వేయకుండా కాచి, పంచదార గిన్నె పక్కన పెట్టండి. ఎవరికి కావలసినంత వారు కలుపుకుంటారు.

కాచి చల్లార్చిన నీళ్ళు కూజాలో పెట్టండి. గ్లాసులు తక్కువైతే పక్కింటివారిని అడగండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

"ఒక్కటే తినండి, పండుగే కదా"

ఈ మాట మన ఇళ్ళలో మర్యాద. షుగరు ఉన్న అతిథికి మాత్రం ఇబ్బంది. కాదంటే ఇంటివారు బాధపడతారని తింటారు. అందుకే తినుబండారాలన్నీ ఒకచోట బల్ల మీద పెట్టి, "మీకు నచ్చినది తీసుకోండి" అని వదిలేయండి. ప్లేటులో నింపి చేతికి ఇవ్వకండి.

బెల్లంతో చేసినది షుగరు ఉన్నవారికి పరవాలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బెల్లం కూడా పంచదారలాగే రక్తంలో చక్కెరను పెంచుతుంది. బి.పి. ఉన్నవారు జంతికలు, చిప్స్, పచ్చళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పెద్దవారికి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

షుగరుకు మందు వాడేవారు పండుగ రోజున కూడా మందు మానకూడదు, భోజనం ఆలస్యం చేయకూడదు. ఎవరికైనా చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే చక్కెర 70 కంటే తగ్గి ఉండవచ్చు. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే ఇవ్వండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

పాడైన తిండి, జారే గచ్చు

వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. గుగ్గిళ్ళను రెండు విడతలుగా చేయడం మంచిది. సగం నాలుగింటికి, మిగతా సగం అయిదున్నరకు. రెండో విడత శనగలకు అయిదింటికి కుక్కరు పెడితే సరిపోతుంది. వాంతులు, విరేచనాలు ఉన్నవారు ఆ రోజు వంట ముట్టుకోకూడదు. చేతులు కడుక్కునే చోట సబ్బు, శుభ్రమైన తువ్వాలు ఉంచండి.

పెద్దవారికి వీపు ఆనించుకునే కుర్చీలు వేయండి. బాత్‌రూములో లైటు వెలిగించి, నేల పొడిగా ఉంచండి. గుమ్మం దగ్గర చెప్పులు అడ్డంగా ఉంటే తట్టుకుని పడతారు, ఒక మూలకు సర్దించండి. కొవ్వొత్తులు కర్టెన్లకు, పిల్లలకు దూరంగా ఉండాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గింజలు, గట్టి శనగలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడవచ్చు. ఆయాసం ఉన్నవారు వస్తారు కాబట్టి టపాకాయలు, సాంబ్రాణి పొగ ఆ సాయంత్రానికి మానండి.

పని పంచుకోండి

వారం ముందు పేర్లు రాసి పిలవండి. మూడు రోజుల ముందు అరిసెలు చేయండి. ముందు రోజు పండ్లు కొనండి, కుర్చీలు సర్దండి, శనగలు నానబెట్టండి. ఆ రోజు ఇంటి ఇల్లాలు ఒంటిగంటకల్లా భోజనం చేసి, మాత్రలు వేసుకుని, గంటసేపు నడుం వాల్చాలి. ఇది సలహా కాదు, నియమం అనుకోండి. టీ కాచే పని నాన్నగారిది. గ్లాసులు కడిగే పని పెద్దపిల్లలది. చెప్పులు సర్దడం, వచ్చినవారికి మంచినీళ్ళు ఇవ్వడం చిన్నపిల్లలు సంతోషంగా చేస్తారు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో మార్త, మరియల ఇంటి సంగతి మనందరికీ తెలుసు. మన ఇళ్ళలో మార్తను మెచ్చుకుంటాం, కాని ఆమె చేతిలోని గరిటె మాత్రం ఎవరమూ తీసుకోము. ఈ పండుగకు ఆ గరిటె తీసుకుందాం.

2010లో మొదటిసారి ఇలా చేసినప్పుడు అమ్మకు నచ్చలేదు. "గుగ్గిళ్ళు పెట్టి పంపితే నలుగురూ ఏమనుకుంటారు?" అని రెండు రోజులు గొణిగింది. ఆ సాయంత్రం భర్తను పోగొట్టుకున్న పక్కవీధి ఆవిడ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఏడు దాటినా ఇద్దరూ లేవలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ, "ఇన్నేళ్ళుగా మీ ఇంటికి వస్తున్నాను గాని, మీతో మాట్లాడింది ఈ రోజేనండీ" అంది. ఆ మాట విన్నాక అమ్మ మళ్ళీ గొణగలేదు.

మీ ఇంటి తలుపు కూడా ఈ క్రిస్మస్‌కు తెరిచి ఉండాలని, ఆ ఇంటి అమ్మ వచ్చినవారితో కలిసి కూర్చోవాలని కోరుకుంటున్నాము. మీకూ మీ కుటుంబానికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.