ఒకే పెట్టెలో రెండు ఉడుములు

పిల్లలూ, చెరువుగట్టు మీద ఉడుము పరుగెత్తడం మీలో చాలామంది చూసే వుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో తాటితోపులూ, జీడితోటలూ, చెదపుట్టలూ వున్న చోట్ల అది తిరుగుతూ వుంటుంది. చూడడానికి పెద్ద బల్లిలాగ వుంటుంది. బాగా ఎదిగినదాన్ని తోక చివరిదాకా కొలిస్తే 5 అడుగులు కూడా దాటవచ్చు. పాములాగే చీలిన నాలుకను చాస్తూ వాసన పసికడుతుంది.

ఒక్కొక్కప్పుడు ఉడుము పిల్లలు కుర్రవాళ్ల చేతికి చిక్కుతాయి. "ఒక్కటే అయితే పాపం దానికి తోచదు, రెండింటినీ ఒకే పెట్టెలో పెడదాం" అని వాళ్లు అనుకుంటారు. మనకు తోడు కావాలి కనక ఉడుముకూ కావాలనుకోవడం పొరపాటు. అది ఒంటరిగా బతికే జంతువు. రెండింటిని ఒకచోట మూస్తే మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది పోట్లాట. జతకట్టే కాలంలో రెండు మగ ఉడుములు ఎదురుపడితే, వెనక కాళ్ల మీద నిలబడి, ఒకదాన్నొకటి కావలించుకుని, వస్తాదుల్లాగ పడదోసుకుంటాయి. పొలంలో అయితే ఓడినది పారిపోయి ఏ పుట్టలోనో దూరుతుంది. తగవు అంతటితో తీరిపోతుంది. పెట్టెలో పారిపోయే దారి యేది? గెలిచినది మళ్లీ మళ్లీ మీద పడుతుంది. పోనీ, ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ పెడదామంటే, చిన్నతనంలో ఏది ఏదో పోల్చడం తెలిసినవాళ్లకే కష్టం.

రెండోది ఆకలి. పురుగులు, పీతలు, గుడ్లు, ఎలుకలు – నోట పట్టినదల్లా ఉడుము మింగేస్తుంది. పక్కనున్న చిన్న ఉడుము కూడా దానికి ఆహారమే కావచ్చు. ఇండొనీషియా దీవుల్లో కొమొడో అనే ఉడుము వుంది. అది 10 అడుగుల దాకా పెరుగుతుంది. దాని పిల్లలు పుట్టగానే చెట్లెక్కి కాలక్షేపం చేస్తాయి. ఎందుకో తెలుసా? కింద వుంటే పెద్దవి తినేస్తాయి!

మూడో ప్రమాదం కంటికి కనిపించదు. ఉడుము శీతరక్త జంతువు. ఒంటికి వేడి తగిలితేగాని తిన్నది అరగదు. బలమైనది వెచ్చని చోటు ఆక్రమిస్తుంది. రెండోది చల్లని మూల నక్కి, తిండి మాని, నానాటికీ చిక్కిపోతుంది. పోట్లాటా లేదు, గాయమూ లేదు. చూసేవాళ్లు "రెండూ ఎంత సఖ్యంగా వున్నాయో!" అని మురుస్తూ వుంటారు. ఒకనాటి పొద్దున అది చచ్చి పడివుంటుంది.

కొన్ని విదేశాల్లో ఉడుములను ఇళ్లలో పెంచేవారున్నారు. వాళ్లలో అనుభవం గలవాళ్లు దేన్నిగూట్లో దాన్నే వుంచుతారు. మన దేశంలో అయితే ఒక్కదాన్ని పెంచడం కూడా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికి ఇచ్చిన రక్షణే ఉడుముకూ ఇచ్చింది. దాన్ని పట్టినా, చంపినా 3 నుంచి 7 యేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

కనక మీ పెరట్లోకి ఉడుము వస్తే కర్రలు పట్టుకుని వెంటపడకండి. దారి వదిలితే దానంతట అదే పోతుంది. ఇంట్లో దూరి బయటికి పోకపోతే, పెద్దలచేత అటవీశాఖవారికి కబురు చేయించండి. చేలోని ఎలుకలనూ, పురుగులనూ తిని అది మన రైతుకు మేలే చేస్తుంది.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అన్నారు పెద్దలు. ఉడుములకు పెట్టెలో ఒక్కటికీ చోటు లేదు. పొలంలో ఎన్నిటికైనా వుంది.