రొంపిచెర్ల మిరప – సింహళంతో స్నేహం



పైరుపచ్చల సంగతి చెప్పుకొనే వేళలో రాయబారుల గొడవ మనకెందుకని మీరు అడగవచ్చు. కారణం వుంది. రొంపిచెర్ల రేగడిలో పండిన మిరప కల్లంలో ఆరుతుంది, టిక్కీ కెక్కుతుంది, గుంటూరు యార్డుకు చేరుతుంది. అంతవరకూ మనం కళ్లారా చూస్తాం. అక్కడ షావుకారు కొన్న తర్వాత అది యెక్కడికి పోతుందో చాలామందిమి అడగం. అట్లా పోయే కాయలో కొంత తూత్తుకుడి రేవులో ఓడ యెక్కి కొలంబోలో దిగుతుంది. సింహళంవారు కొబ్బరికోరులో ఎండుమిరప నూరి కలుపుకోకుండా ముద్ద యెత్తరు. ఆ ఎండుమిరపలో చాలా భాగం మన దేశంనుంచి వెళ్లేదే. అందుచేత ఢిల్లీకీ, కొలంబోకూ మధ్య మాటామంతీ యెట్లా వున్నదనేది మన కల్లం దాకా వచ్చే విషయం.

పల్నాటికీ, సింహళానికీ చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయలో మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, బోధిశ్రీ అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించింది. అది తంబపన్ని, అంటే సింహళపు బౌద్ధాచార్యుల కోసమని ప్రాకృతంలో శాసనం చెక్కించింది. సింహళ విహారమనే పేరు కూడా ఆ శాసనంలోనే వుంది. సాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. ఆ లోయ నీటిలో మునిగింది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. భిక్షువులు నడిచిన లోయ మీది నీళ్లు కుడికాలువ వెంట వచ్చి మన మిరపకు తడి ఇస్తే, ఆ కాయ మళ్లీ సింహళానికే పోతున్నది. ఇంకొక తమాషా చెప్పనా? మిరప మనదీ కాదు, వాళ్లదీ కాదు. అమెరికా ఖండంలో పుట్టిన మొక్కను పోర్చుగీసువాళ్లు ఓడల్లో యీ వైపుకు తెచ్చారు. సింహళంలో దాన్ని ‘మిరిస్’ అంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. స్నేహం వున్నది గదా, యెప్పుడు పంపినా సరుకు పుచ్చుకుంటారనుకోరాదు. 1970 మొదలు 1977 దాకా సిరిమావో బండారనాయకే ప్రభుత్వం పైదేశాల సరుకు రాకుండా గట్టిగా కట్టడి చేసింది. అప్పుడు జాఫ్నా రైతులు బావినీళ్లు తోడి మిరప, ఉల్లి పండించి నాలుగు రూకలు కళ్లజూశారు. 1977లో ప్రభుత్వం మారి తలుపులు తెరిచారు. వాళ్ల పంట ధర పడిపోయింది. జాఫ్నా రైతు కూడా మనబోటివాడే. మన కాయ అక్కడ దిగితే తన కాయ ధర దిగుతుందని అతని దిగులు. యార్డులో రేటు పడినప్పుడు మన కడుపు యెట్లా మండుతుందో అతనికీ అంతే.

1998 డిసెంబరు 28న వాజపేయిగారూ, చంద్రికా కుమారతుంగగారూ స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడిక మీద సంతకాలు చేశారు. 2000 మార్చి నుంచి అది అమలులోకి వచ్చింది. చాలా సరుకుల మీద సుంకాలు తగ్గాయి. అయితే ఉభయులూ తమ రైతులకు దెబ్బ తగులుతుందనుకున్న సరుకులను వేరే జాబితాలో పెట్టి ఆ ఒడంబడికకు అందకుండా చూసుకున్నారు. 2007లో సింహళ ప్రభుత్వం వంటింటి సరుకులకు ప్రత్యేకమైన పన్ను చట్టం ఒకటి చేసింది. దాని ప్రకారం గెజిట్‌లో ప్రకటించి ఆ పన్నును పెంచుతూ, తగ్గిస్తూ వుంటారు. వాళ్ల పంట చేతికొచ్చే రోజుల్లో పన్ను పెరిగితే దాన్ని మన మీద కక్షగా తీసుకోవడం తప్పు. మన ప్రభుత్వమూ మన రైతు కోసం ఆ పని చేస్తూనే వుంటుంది.

పన్ను సంగతి అట్లా వుంచితే, డబ్బు సంగతి మరీ ముఖ్యం. కొలంబో వ్యాపారి మన షావుకారు ముఖం యెరగడు. సరుకు ముందు పంపాలా, సొమ్ము ముందు పంపాలా? దీనికి బ్యాంకులు ఒక ఉపాయం పెట్టినవి. ఫలానా సరుకు ఓడకెక్కిన కాగితాలు చూపితే సొమ్ము మేమిస్తామని కొన్నవాని బ్యాంకు హామీపత్రం రాసిస్తుంది. ఎల్.సి. అని వ్యాపారులు అనేది దీన్నే. ఆ సొమ్ము డాలర్లలో రావాలి. ఆ దేశం చేతిలో డాలర్లే లేకపోతే హామీపత్రానికి విలువ లేదు.

సరిగ్గా అదే జరిగింది. 2021 మే నెలలో సింహళంవారు రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేశారు. నవంబరు నాటికి ఆ ఉత్తర్వు వెనక్కు తీసుకున్నా, అప్పటికే వరి దెబ్బ తిన్నది. 2022 ఏప్రిల్ 12న బయటిదేశాల అప్పులు ప్రస్తుతం తీర్చలేమని ప్రకటించారు. పెట్రోలు కోసం, గ్యాసు కోసం జనం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు. ఆ కాలంలోనే మన చేలల్లో నల్ల తామరపురుగు పడి పూత మాడిపోయింది. అక్కడ కొనలేనివాడు, ఇక్కడ పండించలేనివాడు.

ఆ యేడు మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల మేరకు సాయపడింది. అందులో నూరు కోట్ల డాలర్లు ఆహారం, మందులు, నిత్యావసరాల కోసం మార్చిలో స్టేట్ బ్యాంకు ద్వారా ఇచ్చిన అప్పు. మన అప్పులే తీరక చస్తుంటే పరాయివాళ్లకు అప్పులేమిటని రచ్చబండ మీద అనేవాళ్లు వుంటారు. ఆ అప్పు నడిచే తీరు చూడండి. సింహళంవాళ్లు మన దేశంలో సరుకు కొంటారు. మన బ్యాంకు మన అమ్మకందారుకు సొమ్ము చెల్లిస్తుంది. ఆ బాకీ సింహళం నిదానంగా తీర్చుకోవాలి. సరుకు ఆగదు, అమ్మినవాడు మునగడు. అమ్మినవాని చేతికొచ్చిన సొమ్ములో రైతు వాటా యెంత అన్నది మాత్రం కమీషన్ కొట్టులో చీటీ చూసి యెవరికి వారు తేల్చుకోవలసిన లెక్క. అదే సంవత్సరం 65,000 టన్నుల యూరియా పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకొన్నది. జూలైలో 44,000 టన్నులు కొలంబో చేరినవి.

రెండు దేశాల మధ్య చికాకులు లేవని కాదు. జాలర్ల తగాదా యేళ్ల తరబడి నడుస్తూనే వుంది. అది మాట్లాడి తెంచుకోవలసిన పని ప్రభుత్వాలది. మన చేతిలో వున్న పని వేరే వుంది. దాన్ని చెప్పి విరమిస్తాను.

కాయ సరిగా ఆరకపోతే ఒక జాతి బూజు పడుతుంది. దానినుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది; లివరును చెరుపుతుంది. కంటికి కనపడదు, వండినా పోదు. యూరపు దేశాలవాళ్లు కిలో మిరపకు పది మైక్రోగ్రాములు మించితే సరుకు దించనివ్వరు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. కొనే దేశం యేదైనా, ఒక్క సరుకు తిరిగొస్తే గుంటూరు కాయ పేరే చెడుతుంది. కాబట్టి కాయను వట్టినేల మీద పోయవద్దు, పట్టా పరచండి. రాత్రి మంచు పడకముందే కుప్పచేసి కప్పండి. తాలుకాయ, బూజు పట్టిన కాయ అప్పుడే యేరివేయండి. కాయ విరగకూడదనీ, తూకం పెరగాలనీ తొక్కేముందు నీళ్లు చల్లే అలవాటు మానండి. బూజుకు అదే ముఖ్య కారణం. తేమ నూటికి పది, పదకొండు పాళ్లు మించకూడదు. కొలిచే యంత్రం లేకపోతే కాయను చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. గింజ గలగలమంటేనే టిక్కీ తొక్కండి.