క్లిక్‌మంటుంది కానీ ఫొటో పడదు: పాత కెనానెట్ కెమెరాలో అంటుకుపోయిన షటర్

ఈ ఎపిసోడ్‌లో పాత రీలు కెమెరా గురించి మాట్లాడుకుందాం. ఏలూరు జిల్లా ముసునూరు నుంచి ఒక అక్క రాశారు. వాళ్ళ నాన్నగారి కెమెరా బీరువాలో దొరికిందట. కెనానెట్ క్యూఎల్17 జీ-3. మీట తిప్పితే తిరుగుతోంది, బటన్ నొక్కితే టిక్కుమంటోంది, కానీ లెన్స్ ముందు నుంచి చూస్తే లోపల ఏమీ కదలట్లేదు. పైన నంబరు 14 దగ్గర ఆగి ఉంది, అంటే లోపల రీలు ఉండొచ్చు. "అందులో మా పాత రసాల తోట ఫొటోలు ఉన్నాయేమో, ఇప్పుడక్కడ పామాయిల్ వేశాం, ఆ చెట్లు లేవు" అన్నారు. సో, ఇక్కడ పనులు రెండు. ముందు రీలు కాపాడాలి, ఆ తర్వాతే కెమెరా. ఈ వరస తప్పకూడదు.

అసలు ఈ కెమెరా ఏంటో చూద్దాం. ఈ జీ-3 మోడల్ 1972లో వచ్చింది. 40 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 1.7. దీన్ని రేంజ్‌ఫైండర్ కెమెరా అంటారు. పైన చిన్న కిటికీలోంచి చూస్తే మధ్యలో పసుపు మచ్చ కనిపిస్తుంది. అందులో బొమ్మ రెండుగా ఉంటుంది, రింగు తిప్పి రెండూ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మనం చూసేది లెన్స్‌లోంచి కాదు, పక్క కిటికీలోంచి. అందుకే షటర్ తెరుచుకోకపోయినా మనకు తెలియదు. బొమ్మ చక్కగా కనిపిస్తుంది, టిక్కుమంటుంది, రీలు ముందుకు జరుగుతుంది. కడిగించాక ఖాళీ రీలు చేతికొస్తుంది. పెళ్ళో, పుట్టినరోజో అయితే మళ్ళీ తీసుకోలేం కదా.

ఇప్పుడు రీలు సంగతి. వెనక తలుపు మాత్రం తీయొద్దు. వెలుతురు తగిలితే పడ్డ బొమ్మలు కూడా పోతాయి. ముందు ఆ నంబరు రాసిపెట్టుకోండి, తలుపు తీస్తే అది మొదటికి వెళ్ళిపోతుంది. తర్వాత ఎడమచేతి వైపు పైన ఉండే చుట్టే పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువు తగిలితే లోపల రీలు ఉన్నట్టే. అప్పుడు కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, అదే పిడిని నిదానంగా తిప్పుతూ పోండి. కొంతసేపటికి బిగువు పెరిగి, ఒక్కసారిగా వదులవుతుంది. రీలు డబ్బాలోకి వెళ్ళిపోయిందని అర్థం. అయినా మొదటిసారి తలుపు తీసేది రాత్రిపూట, లైట్లన్నీ ఆపి, మందపాటి దుప్పటి కింద తీయండి. పాత రీలు పెళుసుగా ఉంటుంది, మధ్యలో తెగి ఉంటే అప్పుడైనా మిగిలింది దక్కుతుంది.

కడిగించేటప్పుడు ఇది ఎన్నేళ్ళ నాటిదో ల్యాబ్ వాళ్ళకి చెప్పండి. రంగుల రీలైనా బాగా పాతదైతే బ్లాక్ అండ్ వైట్ పద్ధతిలో కడిగితే బొమ్మ నిలిచే అవకాశం ఎక్కువ. ఇంకో మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. 14 అంటే మీట అన్నిసార్లు తిరిగిందని మాత్రమే. షటర్ ఎప్పుడు అంటుకుందో దానికి తెలియదు. మొదటి కొన్ని ఫొటోలు పడి ఉండొచ్చు, తర్వాతవి ఖాళీగా ఉండొచ్చు.

సరే, కెమెరాకి వద్దాం. విప్పేముందు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, లెన్స్ మీద ఎఫ్ నంబర్ల రింగు 'ఏ' అక్షరం మీద ఉందేమో. అది ఆటోమేటిక్. వెలుతురు కొలతకి అందకపోతే ఈ కెమెరా బటన్‌ను తనే లాక్ చేసేస్తుంది. అది రిపేరు కాదు. రింగును 1.7 మీదకి తిప్పి మళ్ళీ నొక్కండి. ఈ షటర్ పూర్తిగా మెకానికల్, నడవడానికి బ్యాటరీ అక్కర్లేదు. రెండోది సెల్ఫ్ టైమర్ పుల్ల. అది సగంలో ఆగిపోయి ఉంటే షటర్ దాని కోసం కాచుకుని కూర్చుంటుంది. బలవంతంగా తోయొద్దు, లోపల పళ్ళ చక్రాలు సున్నితం.

ఈ రెండూ కాదంటే, రీలు తీసేశాం కాబట్టి వెనక తలుపు తెరవండి. స్పీడు రింగు 'బీ' మీద పెట్టి, మీట తిప్పి, బటన్ నొక్కి పట్టుకుని వెలుతురు వైపు చూడండి. గుండ్రటి కన్నం కనిపిస్తే షటర్ బాగున్నట్టే. టిక్కుమని కూడా చీకటిగానే ఉంటే రేకులు అంటుకున్నట్టు.

ఎందుకు అంటుకుంటాయంటే, లెన్స్ మధ్యలో పలచటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అవి పొడిగా ఉండాలి, నూనె చుక్క కూడా ఉండకూడదు. కానీ ఫోకస్ రింగులో గ్రీజు ఉంటుంది. మన దగ్గర రోహిణి కార్తె ఎండకి, పై గదిలో ఇనప బీరువాలో ఏళ్ళ తరబడి ఉంటే, ఆ గ్రీజులోని నూనె విడిపోయి నెమ్మదిగా రేకుల మీదకి పాకుతుంది. రెండు తడి గాజు పలకలు అతికిస్తే ఎలా ఉంటుంది? విడదీద్దామన్నా కష్టం. ఇదీ అంతే. తర్వాత ఆ నూనె ఎండి, మామిడి సొన చేతికి ఆరిపోయినట్టు బంకగా మారుతుంది. రేకుల్ని లాగే స్ప్రింగు చిన్నది, ఆ బంకను విడిపించే బలం దానికి లేదు.

అందుకే ఇక్కడ నూనె వేయడం మందు కాదు, అదే జబ్బు. కుట్టు మిషను నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు, కిరోసిన్ ఏవీ వద్దు. బండి పెట్రోలు కూడా వద్దు, మరకలు మిగులుతాయి. థిన్నర్ అయితే రంగు, ప్లాస్టిక్ కరిగిస్తుంది. కావాల్సింది సిగరెట్ లైటర్లో పోసే ఫ్లూయిడ్. అది నూనెని కరిగించి, తను ఆవిరైపోతుంది. జాగ్రత్త, భగ్గున అంటుకునే సరుకు. కిటికీ తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోండి.

లెన్స్ ముందు పేరు రాసి ఉన్న రింగుకి గాట్లు ఉండవు. ఆ సైజు రబ్బరు బిరడా ఒకటి దానిమీద అదిమి, ఎడమవైపు తిప్పితే వస్తుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి గీకొద్దు. ఆ కింద ముందు గాజు భాగాన్ని లెన్స్ స్పానర్‌తో విప్పాలి. విప్పేముందు సన్నటి మార్కరుతో గుర్తు పెట్టుకోండి, ప్రతి మెట్టులో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అది రాగానే ఎదురుగా రేకులు కనిపిస్తాయి.

దూది పుల్లని ఫ్లూయిడ్‌లో ముంచి, బాగా పిండి, రేకుల మీద తేలిగ్గా అద్దండి. ధారగా పోయొద్దు, మురికి లోపలి గాజు మీదకి వెళ్తుంది. మీట తిప్పి, నొక్కి, ఇలా ఇరవై ముప్పై సార్లు. ప్రతిసారీ పొడి దూదితో తుడవండి. దూదికి మరక అంటడం ఆగేదాకా చేయాలి. పట్టకారుతో రేకుల్ని లాగారంటే వంగిపోతాయి, ఇక అంతే.

ఇక్కడ చాలామంది మోసపోతారు. తడిగా ఉన్నప్పుడు షటర్ చకచకా ఆడుతుంది. బాగైందని బిగించేస్తారు. గంట తర్వాత మళ్ళీ అంటుకుంటుంది. ఎందుకంటే నూనె కరిగింది కానీ పోలేదు, ఫ్లూయిడ్ ఆవిరయ్యాక మళ్ళీ పేరుకుంది. అందుకని ఒక రోజంతా ఆరనిచ్చి, మర్నాడు మొదటి నొక్కుకే తెరుచుకుంటుందా అని చూడండి. లేదంటే మళ్ళీ తుడవండి. రెండు మూడు రోజులు పట్టినా తొందరపడొద్దు.

స్పీడు సరిగ్గా ఉందా అని ఫోన్‌తోనే చూడొచ్చు. సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, కన్నం తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. స్పీడు 4 దగ్గర సుమారు 60 ఫ్రేములు, 15 దగ్గర 16, 30 దగ్గర 8 రావాలి. 500 దగ్గర ఒక్క ఫ్రేము కూడా నిండదు, అది ఈ పద్ధతికి అందదు. వేగంగా ఉన్నవి బాగుండి 4, 8 మాత్రమే సాగుతుంటే లోపలి పళ్ళ చక్రాల్లో మురికి ఉన్నట్టు. అది పూర్తిగా విప్పే పని. అక్కడ ఆగి, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి.

ఇదంతా లెన్స్‌లో రేకులుండే కెమెరాలకే. లైకా, ఫెడ్, జోర్కి లాంటివాటిలో ఫిల్మ్ ముందు గుడ్డ తెర ఉంటుంది. వాటికి ఈ ఫ్లూయిడ్ పెట్టకండి. మూత లేకుండా లెన్స్‌ని సూర్యుడి వైపు పెడితే ఆ గుడ్డకి కన్నం పడుతుంది కూడా.

చివరగా బ్యాటరీ. పాత 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. చెవి మిషనులో వేసే 675 నంబరు బ్యాటరీ 1.4 వోల్టులు, కొలతకి దగ్గరగా సరిపోతుంది. మామూలు 1.5 వోల్టుల బటన్ సెల్లు వేస్తే మీటరు తప్పు చూపిస్తుంది. బాగయ్యాక తోలు కేసులో దాచొద్దు, వానాకాలం తేమకి లెన్స్‌లో బూజు పడుతుంది. గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ వేసి, ఎండ వేడి తగలని గదిలో పెట్టండి. నెలకోసారి తీసి, అన్ని స్పీడుల మీదా పది సార్లు ఆడించండి.

మీ ఇంట్లో ఇలాంటి కెమెరా ఉంటే ముందు రీలు ఉందేమో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో లెన్స్ బూజు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.